మామ కారు దీపాలకు నేను చేసిన పలక వైద్యం

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. నవ్వండి, నేనూ చాలాచోట్ల నవ్వుతూనే చెబుతాను. చివరికొచ్చేసరికి మాత్రం నా మొహంలోకి చూడకండి. నా ఇరవయ్యో ఏట నేను రెండు మోటారు దీపాలు బాగుచేశాను. ఆ బాగుచేత దెబ్బకు ఒక కారూ, ఒక కాశీ ప్రయాణమూ, ఒక అన్నాచెల్లెళ్ల రాజీ చెడ్డాయి. వాటిలో మళ్లీ పూర్తిగా బాగుపడింది కారు ఒక్కటే.

అప్పుడు రాష్ట్రం కొత్త. రాజధాని మా కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి రెండేళ్లయిందేమో. మార్కాపురం, గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. నేను కర్నూలు కాలేజీలో ఇంటర్మీడియట్ గట్టెక్కి, మార్కాపురంలో మా మామ దగ్గర ఉండేవాణ్ణి. మామకు పలకల కార్ఖానా. గనిలోంచి వచ్చిన నల్లరాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి ఊళ్లకు పంపేవాళ్లు. నా పని మూటల మీద ఊరిపేర్లు రాయడం. ఫిజిక్స్ చదివినవాడి చేత ఊరిపేర్లు రాయించడం దేశానికే నష్టమని నాకు గట్టి నమ్మకం.

మామకు ఒక పాత కారు ఉండేది. ఏ దొర దిగిపోతూ వదిలిపోయాడో, తర్వాత ఎన్ని చేతులు మారిందో దేవుడికెరుక. దాని ముందు భాగంలో అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, ఆ కడ్డీ మీద కప్ప కళ్లలాగా రెండు దీపాలు. కడ్డీ రెండు కొసలూ రెండు మడ్గార్డులకు బోల్టులతో బిగించి ఉండేవి. ఈ కడ్డీని కాస్త గుర్తుపెట్టుకోండి, నా పరువు దాని మీదే వేలాడుతోంది.

ఒక సాయంత్రం ఆ దీపాలు మినుకు మినుకుమని కొట్టుకోవడం మొదలుపెట్టాయి. డ్రైవరు కాశిం కిందికి దిగి, కడ్డీని ఒకసారి తట్టి, తేల్చేశాడు.

"లైటుకు కరెంటు పోయేది తీగలో అబ్బయ్యా. తిరిగొచ్చేది ఈ ఇనుములోనే. కడ్డీ కొసల కాడ తుప్పు పట్టింది, కరెంటుకు దారి దొరకడంల్యా. బోల్టులిప్పి, తుప్పు గీకి, మళ్ల బిగిస్తే సరి. అరగంట పని. యర్రగొండపాలెంలో మా అక్క కూతురి పెండ్లి ఉండాది, నాలుగు రోజుల్లో వచ్చి చేస్తా. అంతదాకా ఎవురూ ముట్టుకోవద్దు."

'ఎవురూ' అన్నప్పుడు ఊళ్లో ఇంతమంది ఉండగా నన్నొక్కణ్ణే చూశాడు. నాకది కొంచెం గుచ్చుకుంది.

కాశిం అటు వెళ్లిన మర్నాడే గిద్దలూరు నుంచి మనిషి వచ్చాడు. అక్కడ మా అవ్వకు, అంటే మామ తల్లికి, సొంత అన్న ఉన్నాడు. నాకు తాత వరస. ఆ అన్నాచెల్లెళ్లకు ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. మామ పెళ్లిలో తాత పెట్టిన పట్టుచీర అంచు నాలుగు వేళ్ల వెడల్పు ఉండాల్సింది, మూడు వేళ్లే ఉందని అవ్వ అన్నదట. "అంచు చిన్నదే గాని నీ నోరు పెద్దదే" అని తాత అన్నాడట. "నీ ఇంట్లో ఇంకొక రాత్రి నిద్ర చేస్తే నేను మా నాయన బిడ్డనే కాదు" అని అవ్వ పదిమందిలో ఒట్టు పెట్టుకుంది. ఒక్క వేలు వెడల్పుకు ఎనిమిదేళ్లు!

ఇప్పుడు తాత పంపిన కబురు ఇది: "ఎల్లుండి పొద్దున బండికి కాశీకి పోతాండా. రేపు పొద్దుగూకేదాకా ఊళ్లో ఉండను. ఈ వయసులో పోయి మళ్ల వస్తానో రానో. వచ్చి ఒక గంట నా కాడ కూచో. చీర మాట ఎత్తను."

అవ్వ ఆ మాట విని లేచి, పెట్టెలోంచి కొత్త కంబళి ఒకటి తీసి దులిపింది. "కాశీలో చలంట. వాడికి చిన్నప్పటి నుంచి చలి పడదు" అంది.

మామ సర్దబోయాడు. "ఆ బండి మన స్టేషను మీదనే గదమ్మా గుంటూరు పోయేది? ఈడ రెండు నిమిషాలు ఆగుతాది. కిటికీ కాడ చూడొచ్చు."

"ఎనిమిదేండ్ల మాటలు రెండు నిమిషాల్లో యాడ అయితాయిరా?"

"అట్లయితే రేపే పోయి రాత్రికి ఆడనే పండుకో."

"నా ఒట్టు ఏం గావాల?"

"మరెట్ల?"

"మూడు గంటలకు లేచి పోదాం. ఆరు లోపల గిద్దలూరు చేరితే, వాడు బండెక్కే దాకా కూచుంటా."

"చీకట్లో యాడికి పోయేది? లైట్లు కొట్టుకుంటాండాయి, కాశిం కూడా లేడు."

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఎవరైనా నా భుజం పట్టి కూర్చోబెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు. "నేనున్నా గదా మామా. లైట్లు నేను బాగుచేస్తా, బండీ నేనే తోలతా" అన్నాను. తోలడం కాశిమే నేర్పాడు, అది నిజంగానే వచ్చు.

మర్నాడు పెరట్లో కారు ముందు కూర్చుని పరీక్ష మొదలుపెట్టాను. దీపాలు వేసి మడ్గార్డు మీద ఒక దెబ్బ వేశాను, మినుకుమన్నాయి. గట్టిగా వేశాను, ఆరిపోయాయి. ఇంకోటి వేశాను, వెలిగాయి. నాకు జ్ఞానోదయమైంది. ఇది తుప్పు జబ్బు కాదు, వణుకు జబ్బు! కడ్డీ ఊగుతోంది కాబట్టి దీపం కొట్టుకుంటోంది. ఊగుడు మానిపిస్తే సరి.

మార్కాపురంలో ఏది ఊగినా మందు ఒక్కటే. మంచం కోడు ఊగిందా, కింద ఒక పలక పెచ్చు తోయడం. బీరువా ఊగిందా, పలక పెచ్చు. తలుపు కొట్టుకుంటోందా, సందులో పలక పెచ్చు. ఊరి నిండా పగిలిన పలకలే, ఎవరినీ అడగనక్కర్లేదు. నేను బోల్టులు విప్పి, కడ్డీ కొసలకూ మడ్గార్డులకూ మధ్య మూడేసి పెచ్చులు చక్కగా కోసి దూర్చాను. అంతటితో ఆగినా ఒక రకం. రాయికి ఇనుము తగిలి గలగలమంటుందని పాత సైకిల్ ట్యూబు కోసి పెచ్చులకు పైనా కిందా పరిచాను. బోల్టులకు కూడా రబ్బరు తొడుగులు వేశాను. పసిబిడ్డకు గుడ్డలు చుట్టినంత జాగ్రత్తగా చుట్టాను.

మామ వచ్చి చూశాడు. "కాశిం తుప్పు గీకమన్యాడు గదరా అల్లుడా?"

"కాశిం అన్నకు చెయ్యి తిరుగుతాది మామా, కాదన్ను. కానీ ఆయన సైన్సు చదివినాడా?"

ఈ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మామ మాత్రం ఆ రోజు కొంచెం గర్వంగానే చూశాడు.

దీపాలు వేశాను. వెలిగాయి! మడ్గార్డు మీద గుద్దాను, చలించలేదు. మామ గుద్దాడు, చలించలేదు. అవ్వ కూడా వచ్చి అరచేత్తో ఒకటి వేసి, "గట్టోడివేరా" అంది. బోల్టులు తిప్పిన పెద్ద పానా ఎక్కడ పెట్టానో కనపడలేదు. ఇంత విజయంలో ఒక పానా పోతే పోయిందిలే అనుకుని, చేతులు కడుక్కుని భోజనానికి లేచాను.

మూడున్నరకు బయలుదేరాం. అవ్వ ముందు సీట్లో, ఒళ్లో కంబళి. దీపాలు రోడ్డును పట్టపగలు చేస్తున్నాయి. అవ్వ దారి పొడుగునా తాతతో మాట్లాడబోయే మాటలు నాతో అప్పజెబుతూ కూర్చుంది.

"ముందు ఆరోగ్యం అడుగుతా. చీర సంగతి వాడెత్తకపోతే నేనే ఎత్తుతా. అంచు మూడు వేళ్లే ఉన్యా, చీర మంచిదేరా. ఇప్పటికీ చిరగల్యా. ఆ మాట వానికి చెప్పాల."

తర్లుపాడు దాటాం, కంభం ఇంకా రాలేదు. ఒక పెద్ద గుంటలో కారు ఎగిరి పడింది. ముందు ఎక్కడో 'ఠంగ్' మని చప్పుడు. ఆ క్షణమే లోకమంతా చీకటి.

"ఏందో పడిందిరా" అంది అవ్వ.

"రాయి తగిలింటాదిలే అవ్వా" అన్నాను.

దిగాను. స్విచ్చు వేశాను, తీశాను. దీపాలను తట్టాను, బతిమాలాను. కడ్డీ రాయిలాగా బిగిసి ఉంది, ఇసుమంత ఊగడం లేదు. జబ్బు లేదు, కానీ రోగి చచ్చిపోయాడు.

రోడ్డు పక్క చేలో గొర్రెల మంద కట్టి ఉంది. అక్కడి నుంచి ఒక ముసలి కాపరి లేచి వచ్చాడు. భుజాన పొడుగాటి ఇనుప కాడ కొడవలి, మేకలకు కొమ్మలు కోసేది.

"ఏమైంది నాయనా?"

"లైట్లు పోయినాయి పెద్దాయనా."

"యాడికి పోయినాయి?" అంటూ ఆయన దీపంలోకి తొంగి చూడ్డానికి వంగి, చేతిలోని కొడవలిని కడ్డీకీ మడ్గార్డుకీ ఆనించాడు. భగ్గుమని రెండు దీపాలూ వెలిగి ఆయన గడ్డంలో వెంట్రుకలు కూడా లెక్కబెట్టేటంత వెలుతురు వచ్చింది. ఆయన ఉలిక్కిపడి కొడవలి తీశాడు. చీకటి. మళ్లీ పెట్టాడు, వెలుగు.

"నా కొడవలి పెడితే ఎలుగుతాంది సామీ. తీస్తే ఆరిపోతాంది."

"అది ఊరికే అట్ల జరిగింది పెద్దాయనా. అసలు లోపం స్విచ్చులో ఉంది" అన్నాను.

"కాదు సామీ, సూడు" అని ఆయన మరి నాలుగుసార్లు పెట్టి తీశాడు. నాలుగుసార్లూ కొడవలే గెలిచింది.

అవ్వ కారులోంచి తల బయటికి పెట్టింది. "ఒరే, ఆ కొడవలి ఆడనే తాడేసి కట్టి తోలరా! తమ్ముడా, నీ కొడవలి మాపటికి తెచ్చిస్తాం."

"తీసకపోండమ్మా, దానిదేముంది" అన్నాడు ఆ మహానుభావుడు.

ఇక్కడ ఆగి నన్ను నాలుగు తిట్టండి. తాడు కారులోనే ఉంది, కొడవలి ఎదురుగా ఉంది, టైము నాలుగున్నరే. అయిదు నిమిషాల పని. కానీ గిద్దలూరు స్టేషనులో, తెలిసినవాళ్ల ముందు, నెత్తిన కొడవలి కట్టుకున్న కారులోంచి ఇంటర్మీడియట్ పాసైన నేను ఎట్లా దిగేది? "కొడవలితో కార్లు నడుస్తాయా అవ్వా? పది నిమిషాలుండు" అని డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి తీగలన్నీ బయటికి లాగాను.

ఎర్రది, నల్లది, పచ్చది, వానకు తడిసి ఏ రంగో తెలియనిది. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. కాపరి కొడవలిని కడ్డీకి ఆనించి, నాకు వెలుగు కోసం దీపం పట్టినట్టు పట్టుకున్నాడు పాపం. కాసేపటికి ఆ వెలుగూ పోయింది. స్టార్టు నొక్కితే కారు ఉలకలేదు. దీపాలు బాగుచేయబోయి ఇంజనును కూడా చంపాను.

తీగలు ఒక్కొక్కటే మార్చి మార్చి పెడుతుంటే తూర్పు తెల్లబడింది. కాపరి మంద విప్పుకోవాల్సిన వేళ దాటిపోతున్నా కదల్లేదు. అవ్వ దిగి రోడ్డు మీద నిలబడింది, ఒక్కసారి కూడా కసరలేదు. కసిరి ఉంటే బాగుండేది. సూర్యుడు పైకి వచ్చాక ఏదో తీగ సరైన చోట తగిలి, కాపరీ నేనూ తోస్తే ఇంజను అందుకుంది. సరిగ్గా అప్పుడే అవతల కట్ట మీద గిద్దలూరు వైపు నుంచి రైలు కూత వినిపించింది.

అవ్వ కంబళి చంకలో పెట్టుకుని చేలో అడ్డంపడి పరుగెత్తింది. అరవై దాటిన మనిషి అంత పరుగెత్తగలదని నాకు అంతవరకు తెలియదు. పెట్టె పెట్టెకూ చెయ్యి ఊపింది, చివరి పెట్టె పోయేదాకా ఊపింది. తిరిగి వచ్చి ఆయాసంతో, "మూడో పెట్టెలో తెల్ల తలగుడ్డ కనపడిందిరా. అన్నే. నన్ను చూసినాడో లేదో" అంది.

"సరే పోనీలే అవ్వా, చూసినావు గదా. ఇంటికి పోదాం."

"ఇంత దూరం వచ్చి ఇంటికేందిరా? గిద్దలూరు దాకా పోయి, వదినెకన్నా కనపడి వస్తాం పద."

"రైలు పోయినాక ఇంకేముంది ఆడ? రైలు నీ కోసం ఆగుతాదా?"

నిజం చెబుతున్నాను, పెట్రోలు ఉంది, వెలుతురుంది, కారు నడుస్తోంది. నేను వద్దన్నది సిగ్గుతో. ఎందుకు ఆలస్యమైందని అక్కడ పదిమంది అడిగితే చెప్పలేక. అవ్వ కంబళి ఆ కాపరి భుజాన కప్పి వచ్చి కారులో కూర్చుంది.

రెండ్రోజులకు కాశిం వచ్చి, బోల్టులు విప్పి, నా పలక పెచ్చులూ ట్యూబు ముక్కలూ అరుగు మీద వరుసగా పరిచాడు.

"బాగుచేసినప్పుడు ఎలిగినాయి గదా అబ్బయ్యా? పెద్ద పానా ఏది?"

నాకు ఆ 'ఠంగ్' గుర్తొచ్చింది. పానా కడ్డీకీ మడ్గార్డుకీ మధ్య ఇరుక్కుని ఉండిపోయింది. దాని పుణ్యమా అని వెలిగిన దీపాలకు నేను శాలువా కప్పుకున్నాను. అది రాలిపోగానే కరెంటు తిరిగొచ్చే దారి తెగింది. కాపరి కొడవలి పెట్టి మళ్లీ దారి వేశాడు.

మామ పలక పెచ్చు చేతిలోకి తీసుకుని నా వైపు చూశాడు. "మద్రాసు వాళ్లు స్విచ్చుబోర్డులకు మన రాయి ఎందుకు కొంటాండారో తెలుసా అల్లుడా? దీంట్లో కరెంటు పోదు గనక. ఆ మూటల మీద ఊరిపేరు రాసేది నువ్వే గదరా!"

అంతటితో అయిపోయి ఉంటే నవ్వుల కథే. పది రోజులకు గిద్దలూరు నుంచి ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. ఆ రోజు తాత రైలెక్కలేదట. "నా చెల్లెలు వస్తానన్యాది, రాకుండా ఉండదు" అని తోటివాళ్లను ముందు పంపించి, స్టేషను బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాడట. ప్రతి మోటారు చప్పుడుకూ లేచి చూశాడట. మర్నాటి బండికి ఎవరితోనూ మాట్లాడకుండా ఎక్కి వెళ్లాడట. రైలు ఆగలేదు, మనిషి ఆగాడు. ఆ తెల్ల తలగుడ్డ ఎవరిదో మాకు తెలియదు. అవ్వ ఊపిన చెయ్యి ఆ పెద్దమనిషి ఎవరో తీసుకుపోయాడు.

మూడు నెలలకు తాత క్షేమంగా తిరిగొచ్చాడు. కాశీ దారాలు, చెంబులో గంగ ఇచ్చిపోదామని మార్కాపురం వచ్చాడు. నేను కాళ్ల మీద పడి పలకల నుంచి కొడవలి దాకా అంతా చెప్పేశాను. తాత విని అవ్వ వైపు తిరిగి, "అయితే నువ్వు వచ్చింటివా?" అన్నాడు.

"సగం దూరం వచ్చినా అన్నా."

ఇద్దరూ ఏడ్చారు. అంచు మాట ఇద్దరూ ఒకేసారి ఎత్తి నవ్వారు. అవ్వ వంటంతా తనే చేసి, పీట వేసి, విస్తరి పరిచింది. తాత కదల్లేదు.

"కాశీకి పోతే ఇష్టమైనదొకటి వదిలేయాల గదా. నేను నీ చేతి అన్నం వదిలేసినా" అన్నాడు మెల్లగా. "నువ్వు రాకపోతివి. ఇంక ఈ జన్మలో పిలవవు అనుకుంటి. దొరకని దాని మీద ఆశ ఎందుకని గంగలో నిలబడి వదిలేసినా. మళ్ల ఎట్ల పట్టుకునేది?"

అవ్వ చేతిలోని గరిటె పక్కన పెట్టింది. కాశీలో వదిలింది తిరిగి ముట్టుకోవడమంటే ఆ కాలపువాళ్లకు ఊహకు కూడా రాదు. అవ్వ మాత్రం, "నా చెయ్యే గదా వదిలింది? నా నోరు వదల్లేదు గదా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఒరే, ఇట్ల రా. ఏ చేతుల వల్ల నాకీ గతి పట్టిందో ఆ చేతులే వండాల."

అలా నేను వంటవాణ్ణయ్యాను. తాత ఇంకా ఆరేళ్లు బతికాడు, నెలకొకసారి వచ్చి చెల్లెలి దగ్గర కూర్చునేవాడు. వచ్చినప్పుడల్లా అవ్వ గడప అవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెప్పేది: "ఉప్పు ఇంకొంచెం. అంత కాదురా! చింతపండు పిసుకు. ఒరే, మాడుతాంది, మాడుతాంది!" వేళ్లు ఊరుకోక గరిటె దాకా వచ్చి ఆగిపోయేవి. నేను కాల్చుకున్న వేళ్లకు లెక్కలేదు, చెడగొట్టిన పప్పుకు అంతులేదు. తాత తలవంచుకుని మెతుకు మిగల్చకుండా తినేవాడు.

ఆరో ఏడు, ఆయన చివరిసారి వచ్చినప్పుడు, నేను వండిన సంగటి మింగలేక నీళ్లు తాగి, అవ్వ వైపు చూసి అన్నాడు: "నేను కాశీలో తప్పు చేసినా చెల్లెలా. వీని చేతి అన్నం వదిలేసింటే బాగుండేది."

అవ్వ పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి లేచి లోపలికి పోయింది, చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

అందుకని, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, స్నానం చేసి తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. మోటారు దీపం కొట్టుకున్నా, ఆరినా, ఊడి రోడ్డు మీద పడినా నేను ముట్టను. తుప్పు గీకమన్నవాడు ఏం చదివాడని అడగను. ఎవరైనా ఒక పెద్దామె పక్కన కూర్చుని "ఇంత దూరం వచ్చినాం, ఇంకొంచెం పోయి చూస్తాం పదరా" అంటే, నోరెత్తకుండా, కారు నెత్తిన కొడవలి కట్టుకునైనా సరే, తీసుకుపోతాను.